ఎన్‌ఎంఎస్‌లో క్లస్టర్ నోడ్లు కలిసిపోవడం, మాయమవడం: ఎక్కడ చూడాలి, ఏం మార్చాలి

సమస్య ఇది. రెండు నోడ్ల (సర్వర్ల) విండోస్ ఫెయిలోవర్ క్లస్టర్, అంటే ఒకటి పడిపోతే దాని పని రెండోది అందుకునే ఏర్పాటు, దాని మీద ఎస్‌క్యూఎల్ సర్వర్. ఎన్‌ఎంఎస్‌లో, అంటే నెట్‌వర్క్‌లోని మెషిన్లను కనిపెట్టి కాపుకాసే సాఫ్ట్‌వేర్‌లో, సబ్‌నెట్ స్కాన్ నడిపితే ఒకసారి ఒకే నోడ్ కనిపిస్తోంది, ఇంకోసారి మూడు కనిపిస్తున్నాయి. ఫెయిలోవర్ అయిన రాత్రి ఒక నోడ్ పేరు మారిపోయి, "రీబూట్ అయింది" అని అలారం కూడా వచ్చింది. డిలీట్ చేసి మళ్లీ డిస్కవర్ చేస్తే కొన్నాళ్లు బాగుండి మళ్లీ అదే వరస.

ముందు ఆ డిలీట్ చేసి డిస్కవర్ చేసే పని ఆపండి. చేసిన ప్రతిసారీ పాత గ్రాఫులు పోతాయి, తప్పు ఎక్కడుందో చెప్పే ఆధారమూ పోతుంది. మీ స్కాన్ బాగానే నడిచింది. వచ్చిన జవాబుల్లో ఏది ఏ మెషిన్‌దో సాఫ్ట్‌వేర్ తేల్చుకోలేకపోతోంది, అంతే. టైమౌట్లు, రీట్రైలు పెంచినంత మాత్రాన ఇది తగ్గదు.

రెండు నోడ్ల క్లస్టర్‌లో ఎన్ని ఐపీలు ఉంటాయో లెక్కేయండి. నోడ్ల పేర్లు డీబీ-1, డీబీ-2 అనుకుందాం. డీబీ-1కి 10.20.30.11, డీబీ-2కి 10.20.30.12. క్లస్టర్ పేరుకి 10.20.30.20. ఎస్‌క్యూఎల్ వర్చువల్ పేరుకి 10.20.30.21. ఈ చివరి రెండూ వర్చువల్ ఐపీలు: అప్పటికి ఓనర్‌గా ఉన్న నోడ్ దగ్గర ఉంటాయి, ఫెయిలోవర్‌లో అవతలి నోడ్‌కి వెళ్తాయి. హార్ట్‌బీట్ నెట్‌వర్క్‌లో 192.168.100.1, 192.168.100.2 (నోడ్లు ఒకదాన్నొకటి బతికుందా అని చూసుకునే విడి నెట్‌వర్క్ ఇది). వీటితోపాటు ఫెయిలోవర్ క్లస్టరింగ్ ఫీచర్ ప్రతి నోడ్‌లో కంటికి కనిపించని ఒక వర్చువల్ అడాప్టర్ పెట్టుకుంటుంది, దానికి 169.254తో మొదలయ్యే అడ్రస్ ఉంటుంది. మొత్తం ఎనిమిది ఐపీలు, మెషిన్లు మాత్రం రెండు. స్కాన్‌కి వీటిలో నాలుగు పలుకుతాయి, మిగతా నాలుగు నోడ్ తాలూకు ఐపీ టేబుల్ చదివినప్పుడు బయటపడతాయి. మీకొచ్చిన ఒకటి, మూడు అన్న లెక్కలు ఇక్కడి నుంచి పుట్టినవే.

మొదటి పని ఈ జాబితాను ఊహించి కాకుండా క్లస్టర్‌నే అడిగి రాసుకోవడం. ఏదో ఒక నోడ్‌లో పవర్‌షెల్ తెరిచి గెట్-క్లస్టర్‌నోడ్, గెట్-క్లస్టర్‌నెట్‌వర్క్‌ఇంటర్‌ఫేస్ నడపండి. ఆ తర్వాత గెట్-క్లస్టర్‌రిసోర్స్‌లో ఐపీ అడ్రస్ రకం రిసోర్సులు ఏరి, వాటిని గెట్-క్లస్టర్‌పారామీటర్‌కి పంపితే ప్రతి వర్చువల్ ఐపీ, దాని సబ్‌నెట్ మాస్క్ వస్తాయి. పేరూ ఐపీ పక్కపక్కన, ప్రస్తుతం ఏ నోడ్ దగ్గరుందో దాంతోపాటు రాసిపెట్టుకోండి.

రెండో పని ఎన్‌ఎంఎస్ పోలర్ మెషిన్ (ప్రశ్నలు పంపే మెషిన్) మీద నుంచే చేయాలి. మీ ల్యాప్‌టాప్ నుంచి చేస్తే ఫైర్‌వాల్ దారి వేరు, పర్మిషన్ వేరు, ఆ జవాబుకి విలువ లేదు. పైన రాసిన నాలుగు ప్రొడక్షన్ ఐపీలనూ ఎస్‌ఎన్‌ఎంపీ‌గెట్‌తో (ఎస్‌ఎన్‌ఎంపీ అనేది మెషిన్ల వివరాలు అడిగే ప్రోటోకాల్, అంకెల వరస ఒక్కో వివరానికి గుర్తు) ఒక్కొక్కటిగా రెండు ప్రశ్నలడగండి: 1.3.6.1.2.1.1.5.0 అంటే సిస్‌నేమ్ (మెషిన్ పేరు), 1.3.6.1.2.1.1.2.0 అంటే సిస్‌ఆబ్జెక్ట్‌ఐడీ (మెషిన్ రకం). ఆరోగ్యంగా ఉన్న క్లస్టర్‌లో .11 డీబీ-1 అంటుంది, .12 డీబీ-2 అంటుంది. .20, .21 మాత్రం తమ వర్చువల్ పేరు చెప్పవు, ఆ క్షణంలో తమ ఓనర్ ఎవరో ఆ నోడ్ పేరే చెబుతాయి. ఎందుకంటే జవాబిచ్చేది ఆ నోడ్‌లోని ఎస్‌ఎన్‌ఎంపీ సర్వీసే, దానికి తెలిసింది తన కంప్యూటర్ పేరొక్కటే. సిస్‌ఆబ్జెక్ట్‌ఐడీ నాలుగింటికీ 1.3.6.1.4.1.311.1.1.3.1.2 రావాలి, అది విండోస్ సర్వర్. చివర 3 వస్తే అది డొమైన్ కంట్రోలర్, అంటే మీరు వేరే మెషిన్‌ని అడుగుతున్నారు.

ఇప్పుడు ఫెయిలోవర్ రాత్రి ఏం జరిగిందో అర్థమవుతుంది. స్కాన్‌లో .21 ముందు పలికింది, సాఫ్ట్‌వేర్ దాన్నే "డీబీ-1" అని ఎక్కించుకుని, పోల్ చేసే (తరచూ ప్రశ్నలడిగే) ఐపీగా .21నే ఉంచుకుంది. ఎస్‌క్యూఎల్ గ్రూప్ (దాని ఐపీ, డిస్కులు, సర్వీసుల మూట) డీబీ-2కి వెళ్లగానే అదే .21 "నేను డీబీ-2" అంది. సాఫ్ట్‌వేర్ పేరు మార్చింది. అప్‌టైమ్ కూడా ఉన్నట్టుండి మారింది కాబట్టి రీబూట్ అని అరిచింది. నిజానికి ఏ మెషినూ రీబూట్ కాలేదు. ఆ నిమిషంలో బ్యాండ్‌విడ్త్ గ్రాఫ్ తీసి చూడండి, ఆకాశాన్నంటే ఒక గీత ఉండే అవకాశం ఎక్కువ. డీబీ-1 కౌంటర్ (దాటిన డేటా లెక్క) విలువ పెద్దది, డీబీ-2ది చిన్నది. రెండోది మొదటిదానికన్నా తక్కువగా రావడంతో 32 బిట్ల కౌంటర్ 4294967296 దాటి మళ్లీ సున్నా నుంచి మొదలైందని సాఫ్ట్‌వేర్ లెక్కేసింది. ఆ గీత కనిపిస్తే ఇంకేమీ వెతకక్కర్లేదు, వర్చువల్ ఐపీని నోడ్‌గా పోల్ చేస్తున్నారన్నది ఖాయం.

రీబూట్ అలారం గురించి ఇంకో మాట. విండోస్‌లో సిస్‌అప్‌టైమ్ చెప్పేది ఎస్‌ఎన్‌ఎంపీ సర్వీస్ ఎంతసేపటి నుంచి నడుస్తోందో. మెషిన్ అప్‌టైమ్ కావాలంటే 1.3.6.1.2.1.25.1.1.0 అడగాలి. సర్వీస్‌ని రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ రీబూట్ అలారం వస్తోందంటే టెంప్లేట్‌లో ఇది మార్చండి, క్లస్టర్ ఉన్నా లేకున్నా.

దీనికి పరిష్కారం సూటిగానే ఉంటుంది. డిస్కవరీ రేంజ్ నుంచి .20, .21 తీసేయండి. నోడ్లను వాటి శాశ్వత ఐపీలతో చేర్చి, పోలింగ్ ఐపీ అదే అని లాక్ చేయండి. "ముందు పలికిన ఐపీ వాడు" అన్న ఆప్షన్ ఉంటే ఆపేయండి. వర్చువల్ ఐపీలను విడిగా, ఎస్‌ఎన్‌ఎంపీ లేకుండా, పింగ్‌తోపాటు ఒక పోర్ట్ చెక్‌తో పెట్టండి. ఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ ఇన్‌స్టన్స్ అయితే టీసీపీ 1433. నేమ్డ్ ఇన్‌స్టన్స్ అయితే ముందు దాని పోర్ట్‌ని స్థిరం చేయించండి, డైనమిక్ పోర్ట్ మీద చెక్ పెట్టి లాభం లేదు. లైసెన్స్ డివైస్ లెక్కన ఉంటే ఈ వర్చువల్ ఐపీలు కూడా ఒక్కో లైసెన్స్ తింటాయేమో చూసుకోండి. అలా అయితే వాటిని నోడ్ కింద సర్వీస్ చెక్‌గా పెట్టొచ్చు.

ఇక రెండు నోడ్లు ఒకటైపోవడం సంగతి. ఇదే ఎక్కువమందిని తిప్పలు పెడుతుంది. ఎన్‌ఎంఎస్ సాధారణంగా ఒక డివైస్‌ని సిస్‌నేమ్ బట్టో, ఐపీ టేబుల్ బట్టో, మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తు) బట్టో గుర్తుపడుతుంది. ఐపీ టేబుల్ బట్టి గుర్తుపట్టేదైతే, 1.3.6.1.2.1.4.20.1.1 కింద ఉన్న అడ్రసులన్నీ చదివి, "ఈ అడ్రస్ ఇదివరకే ఫలానా డివైస్ దగ్గర చూశాను, కాబట్టి ఇదీ అదే" అనుకుంటుంది. వర్చువల్ ఐపీ నిన్న డీబీ-1 టేబుల్‌లో, ఇవాళ డీబీ-2 టేబుల్‌లో. ఇక రెండూ కలిసిపోతాయి.

అంతకన్నా మాయదారిది హార్ట్‌బీట్ నెట్‌వర్క్. బయటికి దారి లేని వీల్యాన్ (విడి నెట్‌వర్క్) కదా అని ప్రతి క్లస్టర్‌కీ 192.168.100.1, 192.168.100.2 పెట్టేస్తారు. క్లస్టర్ దృష్టిలో అందులో తప్పేమీ లేదు. కానీ ఎన్‌ఎంఎస్ దృష్టిలో పేరోల్ క్లస్టర్‌లోని మొదటి నోడ్, వెబ్‌సైట్ క్లస్టర్‌లోని మొదటి నోడ్ ఒకే ఐపీ ఉన్నవి, అంటే ఒకే మెషిన్. సంబంధం లేని రెండు సర్వర్లు ఒక ఐకాన్ కింద చేరాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. 169.254 అడ్రసులతోనూ ఇదే జరగొచ్చు. సాఫ్ట్‌వేర్‌లో "డిస్కవరీకి వదిలేయాల్సిన అడ్రసులు" అన్న ఫిల్టర్ ఉంటుంది. అందులో 169.254.0.0/16 మొత్తం, మీ హార్ట్‌బీట్ రేంజులు, వర్చువల్ ఐపీలు పెట్టండి. ఒక జాగ్రత్త: స్కాన్ రేంజ్ నుంచి తీసేయడం, గుర్తింపు లెక్కలోంచి తీసేయడం చాలా ఉత్పత్తుల్లో వేర్వేరు సెట్టింగులు. మొదటిది మాత్రమే చేస్తే ఐపీ టేబుల్ దారిన అవి మళ్లీ లోపలికి వస్తాయి.

ఈ ఫిల్టర్ వల్ల ఇంకో మేలు ఉంది. హార్ట్‌బీట్ ఐపీలు పోలర్‌కి అందవు. ఫిల్టర్ లేకపోతే వాటిని పింగ్ చేసి, జవాబు రాక, బాగున్న నోడ్‌ని ఎప్పుడూ పసుపు రంగులో చూపిస్తుంది.

వాడే ఎన్‌ఎంఎస్ జాబిక్స్ అయితే డిస్కవరీ రూల్‌లో డివైస్ యునీక్‌నెస్ క్రైటీరియా అన్న చోట ఐపీ బదులు సిస్‌నేమ్ చెక్‌ని ఎంచుకోండి. నాలుగు ఐపీలు నాలుగు హోస్టులుగా రావడం ఆగుతుంది. కానీ మొదట పలికిన ఐపీ వర్చువల్‌ది కాకుండా చూసుకునే బాధ్యత మీదే. లిబ్రేఎన్‌ఎంఎస్ దీనికి తిరగబడిన కేసు: ఒకే సిస్‌నేమ్ ఉన్న రెండో డివైస్‌ని అది డిఫాల్ట్‌గా ఒప్పుకోదు. "ముందు వర్చువల్ ఐపీ చేర్చాం, ఇప్పుడు నోడ్ చేర్చనివ్వడం లేదు" అన్న ఫిర్యాదు వెనక ఉన్నది ఇదే. డూప్లికేట్ సిస్‌నేమ్ అనుమతించే సెట్టింగ్ ఉంది గానీ, గ్లోబల్‌గా దాన్ని తెరవడం నాకు నచ్చదు. ముందు వర్చువల్ ఐపీ ఎంట్రీ తీసేసి నోడ్‌ని చేర్చండి. ఎస్‌కామ్ (మైక్రోసాఫ్ట్ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్) అయితే కథ పూర్తిగా వేరు. అక్కడ క్లస్టర్‌ని కనిపెట్టేది ఏజెంట్, అంటే ప్రతి నోడ్‌లో నడిచే దాని ప్రోగ్రామ్. వర్చువల్ సర్వర్ అన్నది ఏజెంట్ ఉన్న మెషిన్ కాదు కాబట్టి, ఇతర కంప్యూటర్ల తరఫున వస్తువులు డిస్కవర్ చేసే ప్రాక్సీ అనుమతి అన్ని నోడ్లకీ ఉండాలి. ఒక నోడ్‌కి ఇచ్చి ఇంకోదానికి మరిచిపోతే, గ్రూప్ ఆ రెండో నోడ్ మీదికి వెళ్లినప్పుడు కొత్త వివరాలు రావడం ఆగిపోతుంది. డిస్కవర్ అయిన వర్చువల్ పేర్లు ఏజెంట్‌లెస్ మేనేజ్డ్ కింద కనిపిస్తే కంగారు పడకండి, వాటి చోటు అదే.

రెండో నోడ్ అసలు కనిపించకపోతే పెద్ద సిద్ధాంతాలేమీ అక్కర్లేదు. రెండు నోడ్లూ ఒకేలా లేవు, అంతే. డీబీ-2లో ఎస్‌ఎన్‌ఎంపీ ఫీచర్ ఇన్‌స్టాల్ అయిందా చూడండి, తర్వాత చేర్చిన నోడ్‌లోనో తిరిగి కట్టిన నోడ్‌లోనో ఇది మరిచిపోతారు. ఉంటే సర్వీసెస్‌లో దాని ప్రాపర్టీస్ తెరిచి సెక్యూరిటీ ట్యాబ్ చూడండి. కమ్యూనిటీ స్ట్రింగ్ (ఎస్‌ఎన్‌ఎంపీకి పాస్‌వర్డ్ లాంటిది) రీడ్ ఓన్లీగా ఉండాలి, పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ తేడా వస్తే పలకదు. దాని కింద ప్యాకెట్లు ఎవరి నుంచి తీసుకోవాలో చెప్పే జాబితా ఉంటుంది, కొత్త ఇన్‌స్టలేషన్‌లో అక్కడ లోకల్‌హోస్ట్ ఒక్కటే ఉంటుంది. పోలర్ ఐపీ చేర్చండి. పోలర్లు రెండుంటే రెండూ. స్ట్రింగ్ తప్పయినా, జాబితాలో లేకపోయినా విండోస్ తప్పు అని చెప్పదు, మౌనంగా ఉంటుంది. మీకు కనిపించేది టైమౌట్ మాత్రమే. అందుకే చాలామంది ఫైర్‌వాల్ టీమ్ మీద పడతారు. ఫైర్‌వాల్ కూడా చూడాలి, కానీ ముందు నోడ్‌లోనిది: ఇన్‌బౌండ్ యూడీపీ 161 రూల్‌లో రిమోట్ అడ్రస్ లోకల్ సబ్‌నెట్ అని ఉంటే, వేరే సబ్‌నెట్‌లోని పోలర్‌కి జవాబు రాదు. గ్రూప్ పాలసీ ద్వారా ఎస్‌ఎన్‌ఎంపీ సెట్టింగులు వస్తుంటే చేత్తో పెట్టినవి పనిచేయవు, డీబీ-2 వేరే ఓయూలో (యాక్టివ్ డైరెక్టరీ విభాగంలో) ఉందేమో కూడా చూసుకోండి.

అన్నీ సరిగానే ఉండి కూడా వర్చువల్ ఐపీని అడిగితే టైమౌట్, నోడ్ ఐపీని అడిగితే జవాబు వస్తుంటే నోడ్‌లో వైర్‌షార్క్ పెట్టి యూడీపీ 161 పట్టుకోండి. ప్రశ్న 10.20.30.21కి వచ్చి, జవాబు 10.20.30.11 నుంచి వెళ్తుంటే విషయం తేలిపోయింది. ఎక్కువ ఐపీలున్న మెషిన్‌లో యూడీపీ సర్వీసులు ఇలా చేయొచ్చు. మధ్యలో స్టేట్‌ఫుల్ ఫైర్‌వాల్ ఉంటే, తాను ఎదురుచూస్తున్న అడ్రస్ నుంచి రాలేదు కాబట్టి ఆ ప్యాకెట్‌ని పారేస్తుంది. వర్చువల్ ఐపీని ఎస్‌ఎన్‌ఎంపీతో అడగకపోవడానికి ఇది ఇంకో కారణం.

నోడ్లు వచ్చాయి గానీ క్లస్టర్, రిసోర్స్ గ్రూపులు రావడం లేదంటే అది డబ్ల్యూఎంఐ (విండోస్ తన వివరాలు బయటికి చెప్పే దారి) వైపు సంగతి. క్లస్టర్ వివరాలు రూట్‌లోని ఎంఎస్‌క్లస్టర్ నేమ్‌స్పేస్‌లో ఉంటాయి. దీనికో పట్టింపు ఉంది: ప్యాకెట్ ప్రైవసీ స్థాయి ఆథెంటికేషన్ లేకపోతే అడ్మిన్ అయినా లోపలికి రానివ్వదు. పోలర్ మెషిన్‌లో డబ్ల్యూబీఈఎంటెస్ట్ (విండోస్‌లోనే ఉన్న డబ్ల్యూఎంఐ పరీక్ష టూల్) తెరిచి డీబీ-2లోని ఆ నేమ్‌స్పేస్‌కి కనెక్ట్ అవ్వండి. డిఫాల్ట్‌గా కింద ప్యాకెట్ అని ఉంటుంది, దాన్ని ప్యాకెట్ ప్రైవసీకి మార్చండి. మార్చకముందు యాక్సెస్ డినైడ్, మార్చాక కనెక్ట్ అయితే అకౌంట్ బాగానే ఉంది, మీ ఎన్‌ఎంఎస్ తక్కువ స్థాయిలో అడుగుతోంది. దాని క్రెడెన్షియల్ సెట్టింగులో ఆ స్థాయి పెంచుకునే వీలుందా చూడండి, లేకపోతే పోలర్‌కి అప్‌డేట్ వేయాలి.

ఎర్రర్ కోడ్ చాలావరకు దారి చెబుతుంది. 800706బీఏ అంటే అవతలికి చేరనే లేదు: పేరు తప్పు ఐపీకి తిరుగుతోంది, లేదా టీసీపీ 135, దాని తర్వాత వాడే 49152 నుంచి 65535 దాకా ఉన్న డైనమిక్ పోర్టులు మూసి ఉన్నాయి. 135 ఒక్కటే తెరిచి పని అయిపోయిందనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. 80070005 డీకామ్ (డబ్ల్యూఎంఐ ప్రశ్నలు నెట్‌వర్క్ మీద వెళ్లే మార్గం) స్థాయిలో నిరాకరణ, 80041003 డబ్ల్యూఎంఐ స్థాయిలో నిరాకరణ. లోకల్ అకౌంట్ వాడితే యూఏసీ (అడ్మిన్ హక్కుల మీద విండోస్ కాపలా) పెట్టే రిమోట్ టోకెన్ కోత వల్ల అడ్మిన్ హక్కులు పోతాయి, అందుకే డొమైన్ అకౌంట్ పెట్టి, దాన్ని ప్రతి నోడ్‌లోనూ లోకల్ అడ్మినిస్ట్రేటర్స్‌లో చేర్చండి. అడ్మిన్ ఇవ్వడం ఇష్టం లేకపోతే డిస్ట్రిబ్యూటెడ్ కామ్ యూజర్స్ గ్రూప్, సీఐఎంవీ2 (డబ్ల్యూఎంఐ మామూలు నేమ్‌స్పేస్)తో పాటు ఎంఎస్‌క్లస్టర్ నేమ్‌స్పేస్ మీద కూడా రిమోట్ ఎనేబుల్, ఆపైన గ్రాంట్-క్లస్టర్‌యాక్సెస్‌తో రీడ్ ఓన్లీ, ఈ మూడూ కావాలి. 8004100ఈ అంటే నేమ్‌స్పేసే లేదు. క్లస్టర్ ఫీచర్ ఉన్న నోడ్‌లోనే ఇది వస్తే రిజిస్ట్రేషన్ చెడిపోయింది. సిస్టమ్32 కింద డబ్ల్యూబీఈఎం ఫోల్డర్‌లోకి వెళ్లి మాఫ్‌కాంప్‌తో క్లస్‌డబ్ల్యూఎంఐ డాట్ మాఫ్ ఫైల్‌ని మళ్లీ కంపైల్ చేస్తే తిరిగి వస్తుంది.

2023 మార్చి ప్యాచ్‌ల తర్వాత ఆగిపోయిందా? అప్పటి నుంచి డీకామ్ హార్డెనింగ్‌ని (భద్రత బిగింపుని) ఆపే వీలు మైక్రోసాఫ్ట్ తీసేసింది. నోడ్ సిస్టమ్ లాగ్‌లో ఈవెంట్ 10036 ఉంటే, అందులో మీ పోలర్ ఐపీ కనిపిస్తుంది. దీన్ని నోడ్ వైపు సరిచేయలేరు, పోలర్ వైపు సాఫ్ట్‌వేరే మారాలి.

డీఎన్ఎస్ విషయం క్లుప్తంగా. క్లస్టర్ నెట్‌వర్క్ నేమ్ రిసోర్స్ రివర్స్ రికార్డుని, అంటే ఐపీ నుంచి పేరు చెప్పే పీటీఆర్‌ని, డిఫాల్ట్‌గా రాయదు, ఫెయిలోవర్ క్లస్టర్ మేనేజర్‌లో ఆ రిసోర్స్ ప్రాపర్టీస్‌లో పీటీఆర్ పబ్లిష్ చేసే టిక్కు పెట్టాలి. పేరు బదులు ఉత్త ఐపీ కనిపించడానికి కారణం ఇదే కావొచ్చు. క్లస్టర్ రెండు సబ్‌నెట్లలో, ఉదాహరణకు రెండు డేటా సెంటర్లలో ఉంటే ఇంకో చిక్కు: ఆ రిసోర్స్‌లో రిజిస్టర్ ఆల్ ప్రొవైడర్స్ ఐపీ అన్న సెట్టింగ్ 1గా ఉంటే ఆన్‌లైన్‌లో లేని ఐపీ కూడా డీఎన్ఎస్‌లో ఉంటుంది. ఎన్‌ఎంఎస్ ఆ పేరుని అడిగి, ఉన్న రెండింట్లో లేనిదాన్ని పట్టుకుని ఎర్రబడుతుంది. 0 చేస్తే ఒకే ఐపీ ఉంటుంది గానీ, ఫెయిలోవర్ తర్వాత పాత రికార్డు డిఫాల్ట్ టీటీఎల్ (రికార్డు చెల్లుబాటు సమయం) 1200 సెకన్ల దాకా క్లయింట్ల దగ్గర మిగలొచ్చు. మానిటరింగ్ కోసం ఆ విలువ మార్చకండి. అది అప్లికేషన్ కనెక్షన్ల మీద ప్రభావం చూపేది, డీబీఏ (డేటాబేస్ అడ్మిన్) నిర్ణయించాలి. మీరు రెండు ఐపీలనూ విడివిడిగా చెక్ చేసి, రెండూ పడిపోతేనే అలారం వచ్చేలా పెట్టుకోండి.

మీది ఫెయిలోవర్ క్లస్టర్ కాకుండా ఎన్‌ఎల్‌బీ (సర్వర్ల మధ్య ట్రాఫిక్ పంచే విండోస్ ఫీచర్) అయితే పై మాటల్లో సగం వర్తించవు. యూనికాస్ట్ మోడ్‌లో నోడ్లన్నీ 02-బీఎఫ్‌తో మొదలయ్యే ఒకే క్లస్టర్ మ్యాక్‌ని చూపిస్తాయి. మ్యాక్ బట్టి గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ నాలుగు సర్వర్లని ఒకటి చేసేస్తుంది. పైగా బయటికి పంపే ఫ్రేముల్లో ఆ రెండో బైట్‌ని నోడ్ ప్రయారిటీ నంబర్‌గా మార్చి 02-01, 02-02 అని పంపుతాయి, స్విచ్ ఆ క్లస్టర్ మ్యాక్‌ని ఏ పోర్టులోనూ నేర్చుకోకూడదని. కాబట్టి ఏఆర్‌పీ టేబుల్‌లో (ఏ ఐపీకి ఏ మ్యాక్ అని చెప్పేది) ఒక మ్యాక్, స్విచ్ టేబుల్‌లో ఇంకో మ్యాక్. టోపాలజీ మ్యాప్‌లో ఈ సర్వర్లకి స్విచ్ పోర్ట్ దొరక్కపోవడం అందుకే. అక్కడ గుర్తింపుని సిస్‌నేమ్‌కి మార్చి, లింకుల్ని చేత్తో గీయడమే మార్గం.

లైనక్స్ పేస్‌మేకర్ క్లస్టర్లలో వర్చువల్ ఐపీ తగాదా ఇదే తీరు, కానీ ఎస్‌ఎన్‌ఎంపీ వీ3 ఉంటే ఒక అదనపు చిక్కు. నోడ్‌ని క్లోన్ చేసి తయారుచేస్తే నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ (లైనక్స్‌లోని ఎస్‌ఎన్‌ఎంపీ సాఫ్ట్‌వేర్) ఇంజిన్ ఐడీ, అంటే దాని ప్రత్యేక గుర్తు కూడా క్లోన్ అవుతుంది. పోలర్ దృష్టిలో రెండు నోడ్లూ ఒకే ఇంజిన్, కానీ అవి ఎన్నిసార్లు బూట్ అయ్యాయన్న లెక్కా సమయమూ వేరు. 150 సెకన్ల కన్నా ఎక్కువ తేడా ఉన్న ప్రశ్నని నోడ్ తిప్పికొడుతుంది, జవాబుగా 1.3.6.1.6.3.15.1.1.2.0 వస్తుంది. లక్షణం ఏమిటంటే ఒక నోడ్ పలికినప్పుడు రెండోది పలకదు, కాసేపటికి తారుమారవుతుంది. రెండింటినీ 1.3.6.1.6.3.10.2.1.1.0 అడిగి విలువలు పోల్చండి. ఒకటే అయితే క్లోన్ నోడ్‌లో ఎస్‌ఎన్‌ఎంపీడీ ఆపి, రెడ్ హ్యాట్ తరహా డిస్ట్రోల్లో వార్, లిబ్, నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ ఫోల్డర్ కింద, డెబియన్‌లో వార్, లిబ్, ఎస్‌ఎన్‌ఎంపీ ఫోల్డర్ కింద ఉన్న కాన్ఫ్ ఫైల్‌లో పాత ఇంజిన్ ఐడీ లైన్ తీసేయండి. యూజర్ లైన్లు కూడా తీసి యూజర్‌ని మళ్లీ సృష్టించాలి, ఎందుకంటే అక్కడి కీలు ఆ ఇంజిన్ ఐడీతోనే తయారైనవి. సర్వీస్ ఆపకుండా ఫైల్ మారిస్తే ఆగేటప్పుడు పాతదే తిరిగి రాసేస్తుంది.

షేర్డ్ డిస్క్ గురించి ముందే తేల్చుకోండి. ఎస్ డ్రైవ్ ఓనర్ నోడ్‌లోనే కనిపిస్తుంది. రెండు నోడ్లలోనూ అదే టెంప్లేట్ పెడితే ఓనర్ కాని నోడ్ "డిస్క్ లేదు" అంటుంది. సి డ్రైవ్, మెమరీ, సీపీయూ నోడ్‌కి కట్టండి. క్లస్టర్ డిస్కుల నిండుదనాన్ని రెండు నోడ్లలోనూ అడుగుతూ, లేకపోవడాన్ని అలారంగా లెక్కించకండి. డిస్కుల్ని ఇండెక్స్ నంబర్‌తో కాకుండా డ్రైవ్ అక్షరంతో వెతికే టెంప్లేట్ వాడండి, ఫెయిలోవర్ తర్వాత ఇండెక్సులు జరిగిపోతాయి.

ఇవన్నీ మార్చాక పాత కలగాపులగం ఎంట్రీ ఒక్కసారి తీసేసి (ఇప్పుడు తీయొచ్చు), డీబీ-1, డీబీ-2 మళ్లీ చేర్చండి. తర్వాత మెయింటెనెన్స్ సమయం తీసుకుని, డీబీఏకి చెప్పి, మూవ్-క్లస్టర్‌గ్రూప్‌తో ఎస్‌క్యూఎల్ గ్రూప్‌ని అవతలి నోడ్‌కి పంపండి. కనీసం రెండు పోలింగ్ సైకిళ్లు, ఒక పూర్తి రీడిస్కవరీ అయ్యేదాకా ఆగి చూడండి. ఐదు నిమిషాల పోలింగ్ ఉన్నచోట కూడా రీడిస్కవరీ అంత తరచుగా నడవకపోవచ్చు, అందుకే చేత్తో నడిపించండి. డివైస్ పేర్లు మారకూడదు, రీబూట్ అలారం రాకూడదు, .21 పోర్ట్ చెక్ ఫెయిలోవర్ జరిగినంతసేపే ఎర్రగా ఉండాలి. ఆ తర్వాతా అది ఎర్రగానే ఉండి, పక్క సబ్‌నెట్ నుంచి మాత్రమే అందకపోతే రౌటర్ ఏఆర్‌పీ టేబుల్ చూడండి. ఫెయిలోవర్‌లో నోడ్ పంపే గ్రాట్యుటస్ ఏఆర్‌పీని (ఈ ఐపీ ఇప్పుడు నా దగ్గరుంది అనే ప్రకటనని) ఏదో సెక్యూరిటీ సెట్టింగ్ ఆపేస్తే, సిస్కో రౌటర్‌లో పాత మ్యాక్ డిఫాల్ట్‌గా నాలుగు గంటల దాకా ఉండిపోగలదు. అది ఎన్‌ఎంఎస్ తప్పు కాదు, యూజర్లకీ అదే దెబ్బ తగులుతుంది కాబట్టి నెట్‌వర్క్ టీమ్‌కి వెంటనే చెప్పాల్సిన సంగతి.